ప్రమాణ సవారీ

"పద్నాలుగు. పద్నాలుగు. పదమూడున్నర," అంది తూనిక చెవిలో. "ఎడమ మోకాలు వెనకబడుతోంది. సరిచేయండి."

నూకరత్నం సరిచేసింది. మోకాళ్ళకీ, మణికట్లకీ, నడుముకీ అంటించిన, కదలికని పసిగట్టే పదహారు పసిబిళ్ళలు సంతృప్తిగా ఆకుపచ్చ రంగులోకి తిరిగాయి. గంటకి పద్నాలుగు కిలోమీటర్లు. తల మీద చలువపందిరి పలకలు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి జారిపోతున్నాయి. వాటి అంచుల నుంచి సన్నటి తుంపర మెడ మీద పడుతోంది. అది చల్లగా ఉందో లేదో ఆమె పట్టించుకోలేదు. సవారీలో ఇది ఆరో రోజు, ఆఖరి రోజు. కొత్తరేవు దారులన్నీ తొక్కేసింది.

"నూకరత్నం గారూ!" ఈసారి చెవిలో పలికింది మనిషి గొంతు. దరఖాస్తు విభాగం అధికారి శేషఫణి. పదో అంతస్తులో చల్లటి గదిలో కూర్చుని, తెర మీద ఆమెను ఒక చుక్కలా చూస్తుంటాడు. "మూడు యాభై అయిదు. అయిదింటికి గడువు. ఇక తొమ్మిదో వార్డు ఒక్కటే. గబగబా చుట్టేసి రండి. అక్కడెలాగూ సున్నాయే."

"సరేనండి."

"ఈసారి మనమే కొడతాం. ఓడ రేవు బయట లంగరేసింది. మిగతా రెండు ఊళ్ళూ మొహాలు వేలాడేసుకోవాల్సిందే."

"సరేనండి."

"మీకు సరేనండి తప్ప ఇంకో మాట రాదా?"

"వచ్చండి."

అవతల నిట్టూర్పు వినిపించింది.

ఓడ వాయుమిత్ర మండలిది. జనం ఆ మండలిని బయటోళ్ళు అంటారు. ఇంజను బళ్ళు పోయి, మధ్యాహ్నపు ఎండకి మనుషులు రాలిపోవడం మొదలయ్యాక, ఊళ్ళకి మిగిలింది సైకిలూ, దాని మీద పందిరీ. పందిరి పలకలు గాలిలోని తేమని పిండి నీళ్ళు చేస్తాయి. పందిరి ఎంత దూరం వెళ్తే మంచినీళ్ళు అంత దూరం వెళ్తాయి. ఆ పలకలు తయారు చేయడం మండలికి తప్ప ఎవరికీ తెలియదు. ఏటా ఈ తీరానికి ఒక్క ఓడ వస్తుంది. మూడు ఊళ్ళు దరఖాస్తు పెడతాయి. ఏ ఊళ్ళో ఎక్కువ మంది సైకిలు తొక్కుతున్నారో ఆ ఊరికి సరుకు దిగుతుంది.

మొదట్లో ఊళ్ళు మోసం చేశాయి. ఖాళీ చక్రాలు మోటార్లకి బిగించి తిప్పి, లక్షల సవారీలు చూపించాయి. దాంతో మండలి ఒక నియమం పెట్టింది. లెక్కపెట్టే యంత్రానికి, అంటే తూనికకి, సైకిలు తొక్కడమంటే ఏమిటో సొంతంగా తెలియకూడదు. లైసెన్సు ఉన్న ఒక మనిషి ఊరి దారులన్నిటిలో సవారీ చేయాలి. ఆ మనిషి ఒంటి కదలికే ప్రమాణం. దారికళ్ళనే కెమెరాలు ఏడాది పొడుగునా పట్టిన బొమ్మల్లో ఆ ప్రమాణానికి సరిపోయినవి మాత్రమే సైకిలు. మిగతావి కావు.

కొత్తరేవుకి ఆ మనిషి నూకరత్నం. నలభై నాలుగేళ్ళు. అయిదేళ్ళ నుంచి ఇదే ఉద్యోగం.

వరసగా మూడేళ్ళు సున్నా వచ్చిన వార్డు ఖాళీ పట్టికలోకి వెళ్తుంది. నిరుడు ఇరవై రెండో వార్డు వెళ్ళింది. జనాన్ని నలభై కిలోమీటర్ల లోపలికి, దిబ్బల మీది మేడల్లోకి తరలించారు. ఆ సున్నా కింద బొటనవేలు వేసింది నూకరత్నమే. ఆ రాత్రి ఆమెకి బాగానే నిద్ర పట్టింది. పట్టినందుకు మర్నాడు కొంచెం ఆశ్చర్యపోయింది. తర్వాత అదీ మరిచిపోయింది.

తొమ్మిదో వార్డు తెప్పలపేట. అక్కడా రెండు సున్నాలు అయిపోయాయి.

వంతెన దగ్గర పందిరి తెగిపోయింది. పెనం మీద చెయ్యి పెట్టినట్టు ఎండ తగిలింది. "నలభై ఆరు డిగ్రీలు," అంది తూనిక. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క రేకుల ఇళ్ళు, మధ్యలో ఇసక కప్పేసిన సన్నటి దారి. ఆ దారి పొడుగునా సైకిళ్ళు. ఒక్కో సైకిలుకి నాలుగేసి నీళ్ళ డబ్బాలు, రెండు అటు, రెండు ఇటు. ప్రతి సైకిలు పక్కనా ఒక ఆడమనిషి. ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి సీటు మీద, నడుం వంచి తోసుకుంటూ పోతున్నారు. ఎవరూ ఎక్కి లేరు.

"సైకిలు సవారీలు, సున్నా," అంది తూనిక. "పాదచారులు, నూట పన్నెండు."

నూకరత్నం గంట కొట్టింది. వాళ్ళు పక్కకి ఒదిగారు. ఏటా ఒదుగుతారు. ఆమె పద్నాలుగు తగ్గకుండా, దారి కింద నీళ్ళు పోయే మదుము దాకా వెళ్ళింది. అక్కడ ఒక సైకిలు వెనక చక్రం మదుము పగుల్లో కూరుకుపోయి, దారికి అడ్డంగా వాలిపోయింది. దాని కింద ఒక ముసలామె భుజం ఆనించి నిలబడింది.

"ఓలమ్మ! ఆగు తల్లీ, గుద్దీగల!"

నూకరత్నం బ్రేకు వేసి దిగింది. "అడ్డంకి. విరామం రాసుకో," అంది తూనికతో.

"ఆ ఎనకమాల పట్టుకో. ఇంకొంచెం. ఎత్తు... ఎత్తీ!"

చక్రం బయటికొచ్చింది. ముసలామె స్టాండు వేసి, చెమట తుడుచుకుని, నూకరత్నం ఒంటి మీది పసిబిళ్ళల్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు బళ్ళ లెక్క మేడమ్మవి కాదేటి? ఏటా రయ్‌మని ఎల్లిపోతావు, మొకం తిప్పవు. నా పేరు గురయ్యమ్మ. ఈ ఏడన్నా మాకు పందిరేత్తారేటి?"

"వెయ్యరు పిన్నీ. మీ పేటలో సైకిలు తొక్కేవాళ్ళు సున్నా. ఇది మూడో సున్నా. వచ్చే నెల పేట ఖాళీ చేయిస్తారు."

టైము ఎంతైందో చెప్పినట్టు చెప్పింది. ఆ సంగతి ఆమెకే వినిపించింది.

గురయ్యమ్మ వెనకాల ఆగిపోయిన సైకిళ్ళ వరస వైపు చెయ్యి చాపింది. "సున్నానా? మరియ్యేటి? గాడిదలా?"

"మీరు తొక్కట్లేదు, తోస్తున్నారు. తోస్తే నడక కింద లెక్క. నడకకి బయటోళ్ళు పందిరివ్వరు."

"నాను తొయ్యకపోతే ఈ సైకిలు దానంతటది నడిసెల్లి నా గుమ్మంలో కూకుంటాదేటి?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎక్కి తొక్కమని కాగితాలు పంచారు కదా పిన్నీ. ఒక్కసారైనా తొక్కాల్సింది."

"పంచేరు. గంగమ్మ కూకున్న బండి మీద మనిసెక్కి కూకుంటాదేటమ్మా? పొద్దుట సేపలు, సాయంత్రం నీళ్ళు. ఆ తల్లి దిగినాక ఎక్కుదుమంటే దిగే పూటేదీ?" గురయ్యమ్మ మదుము వైపు చూసింది. "మా తోడికోడలికి సెప్పేను. వొంట్లో బాగోనేదు, నీల్లు దించీసి ఎక్కి పోయే అన్నాను. ఇననేదు. మొన్న ఇక్కడే పడిపోనాది. మరి నెగనేదు."

"ఆవిడ పేరు?"

"కాసులమ్మ."

నూకరత్నం పక్కకి తిరిగింది. "తూనికా, మొన్న సాయంత్రం తెప్పలపేట మదుము. ఎలా రాసుకున్నావు?"

"పాదచారి ఒకరు. నిశ్చలం, యాభై రెండు నిమిషాలు. దారికి అడ్డంకి లేదు."

లోపల ఏదైనా కదులుతుందేమోనని ఆమె ఒక క్షణం ఆగి చూసుకుంది. ఏమీ కదల్లేదు. కోపం లేదు, ఏడుపు లేదు. సైకిలు నిలబెట్టి హ్యాండిలు పట్టుకుంది. ఎక్కడానికి కాలు ఎత్తబోయింది.

ఎత్తలేదు.

ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి సీటు మీద వేసి, నడుం వంచి తోసింది.

"విరామం ముగించు," అంది. "సవారీ మొదలైంది."

"మీరు పెడలు మీద లేరు."

"లేను. ఇదే సవారీ. నమోదు చెయ్యి."

పసిబిళ్ళలు ఎర్రబడి, పసుపురంగుకి తిరిగి, అక్కడే కొట్టుకుంటూ ఉండిపోయాయి.

"ఏటీ, పంచరా?" గురయ్యమ్మ పక్కకొచ్చింది.

"కాదు పిన్నీ."

"మరి కాళీ బండి తోత్తావేటి? సూసినోల్లు నవ్వుతారు." తన సైకిలు నుంచి ఒక డబ్బా విప్పి, నూకరత్నం క్యారియరు మీద పెట్టి తాడు బిగించింది. ఇరవై లీటర్లు. సైకిలు పక్కకి లాగింది. పడిపోకుండా ఆపడానికి నూకరత్నం భుజం ఆనించాల్సి వచ్చింది.

"నూకరత్నం గారూ!" శేషఫణి గొంతు చెవి పగలగొట్టింది. "వేగం మూడున్నర! ఏమైంది, ఎండ తగిలిందా? ఆసుపత్రి వాళ్ళని పంపనా?"

"వద్దండి. తోస్తున్నాను."

"ఏమిటి తోసేది? ఎక్కండి! మీరు ఎలా కదిలితే అదే ప్రమాణం అయిపోతుందండీ!"

"తెలుసండి."

"తెలుసా?" కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. "చూడండి. ఇరవై లక్షల సవారీలతో గెలిచే దరఖాస్తు మనది. ఒక్కసారిగా లెక్క మారితే మండలి మోసం అనుకుంటుంది. ఓడ పక్క ఊరికి పోతుంది. ఆసుపత్రి దారికి పందిరి రాదు, బడి దారికి రాదు. మా అమ్మాయి ఆ దారినే బడికెళ్తుంది. పొద్దున్న తడిగుడ్డ కట్టి పంపిస్తున్నాం. ఒక్క పేట కోసం ఊరినంతా ఎండబెడతారా?"

అబద్ధం కాదు. అందులో ప్రతి మాటా నిజమే. నూకరత్నం చక్రం చూసుకుంటూ తోస్తోంది. ఇసకలో ముందు చక్రం అటూ ఇటూ కోసుకుపోతోంది.

"మీ లైసెన్సు రద్దు చేస్తానండీ. నిజంగా చేస్తాను."

"చేస్తే సవారీ ఆగిపోతుందండి. అయిదింటికి దరఖాస్తే ఉండదు."

"అయితే ఏం చెయ్యమంటారు నన్ను?"

"చెయ్యకండి."

"నాలుగూ పదమూడు," అంది తూనిక. "సవారీ ముగిసే గీత వరకు రెండు కిలోమీటర్ల ఆరువందల మీటర్లు. ఈ వేగంతో చేరే సమయం, నాలుగూ యాభై ఎనిమిది."

రెండు నిమిషాల వెసులుబాటు.

మొదటి కిలోమీటరులో ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. నాలుగూ ముప్పైకి కళ్ళ ముందు నల్లచుక్కలు. ఎవరో వెనక నుంచి తడిగోనె తెచ్చి తల మీద వేశారు. "నడుంతో తొయ్యకే, తొడతో తొయ్యి!" అని ఒక గొంతు. "పట్నం నడుం గదే, ఇరుగుతాదేటో," అని ఇంకో గొంతు. నవ్వులు. మలుపు దగ్గర సైకిలు పడిపోబోతే గురయ్యమ్మ మోచేత్తో ఆపింది.

"సూపు సక్రం మీద కాదు. ముందర మనిసి ఈపు మీద పెట్టు."

నూకరత్నం ముందున్న వీపు మీద చూపు పెట్టింది. చెమటకి అతుక్కుపోయిన రవిక, వెన్నుపూసలు, వంగిన మెడ. అయిదేళ్ళలో ఈ దారిలో ఆమె ఒక్క వీపూ చూడలేదు. పసిబిళ్ళలు పదహారూ ఒకేసారి ఆకుపచ్చగా మారాయి.

"సవారీలో రెండో రూపం గుర్తించబడింది," అంది తూనిక. "నమోదు."

గీత పేట చివర ఒక ఇనప స్తంభం దగ్గర ఉంది. వాళ్ళు అక్కడికి చేరేసరికి నాలుగూ యాభై ఏడు.

"సవారీ పూర్తి. పునర్గణన." ఒక్క క్షణం. "తొమ్మిదో వార్డు, ఏడాదికి రెండు లక్షల డెబ్భై వేల సవారీలు. ఖాళీ పట్టిక నుంచి తొలగింపు. మూడో వార్డు, అరటిగెలల దారి, మార్పు. పదిహేడో వార్డు, చాకిరేవు, మార్పు. ఇరవై రెండో వార్డు, నిరుడు తరలించబడినది." తూనిక తడబడింది. యంత్రాలు తడబడవు, కానీ తడబడింది. "నిరుటి లెక్క సున్నా కాదు."

నూకరత్నం స్తంభం పట్టుకుని నిలబడింది. నిరుడు ఆ సున్నా కింద వేసిన బొటనవేలు చూసుకుంది.

మండలి నుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చింది. తూనిక దాన్ని ఏ రాగమూ లేకుండా చదివింది. "మనిషిని అడుగుతున్నాం. ఇది సవారీయేనా? అవునంటే ఇదే ప్రమాణం మా రెండువందల పన్నెండు ఊళ్ళకీ వర్తిస్తుంది. అన్ని ఓడలూ పునర్గణన ముగిసే దాకా ఆగుతాయి. కాదంటే పాత లెక్క. గడువు, తొంభై సెకన్లు."

"కాదనండి," అన్నాడు శేషఫణి. బతిమాలుతున్నాడు. "ఓడ రేపే దిగుతుంది. ఈ పేట సంగతి వచ్చే ఏడాది నేను చూస్తాను, ఒట్టు. పునర్గణనంటే ఎన్నాళ్ళో ఎవరికీ తెలీదు. కాదనండమ్మా."

అధికారి ఆమెను అమ్మా అనడం ఇదే మొదటిసారి. అతని కూతురు రేపు కూడా తడిగుడ్డతోనే బడికెళ్తుంది. ఎల్లుండి కూడా. అది తన మాట మీదే అని నూకరత్నానికి తెలుసు. ఈసారి నిద్ర పట్టదు. అదీ తెలుసు.

"అవును," అంది. మణికట్టు బిళ్ళ మీద బొటనవేలు వేసింది.

సముద్రం మీద, లంగరేసిన ఓడ దీపాలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. శేషఫణి వైపు నుంచి తలుపు తెరుచుకున్న చప్పుడు, చాలామంది ఒకేసారి మాట్లాడటం, అంతలో లైను తెగిపోయింది.

నూకరత్నం పసిబిళ్ళలు పీకడానికి మణికట్టు మీద చెయ్యి వేసింది.

"ఏటే, ఇక్కడ ఆగిపోనావు?" గురయ్యమ్మ తన సైకిలుతో స్తంభం దాటి అప్పటికే పది అడుగులు ముందుంది. "నా నీల్లు నీ బండి మీద ఉన్నాయి. ఇల్లు ఇంకా అల్లక్కడుంది. తొయ్యి, బేగి."

నూకరత్నం గీత దాటి తోసింది. గీత దాటాక తూనిక ఆగిపోవాలి. నియమం అదే.

"మూడు," అంది తూనిక. "మూడున్నర. మూడు."