మొరం గుంత మీది సిలువ

జహీరాబాద్ నుంచి ఝరాసంగం పోయే దారి పక్కన ఒక మొరం గుంత ఉంది. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. ఎర్రమట్టి తవ్వుతుంటే గట్టు కూలి ఒక కూలీ అందులోనే పూడిపోయాడట... చీకట్లో ఇప్పటికీ వాడి మూలుగు వినిపిస్తుందట.

గుడ్ ఫ్రైడే నాటకానికి సిలువ నిలబెట్టేది మాత్రం ఆ గుంత అంచునే. కింద నిలబడ్డ జనానికి బాగా కనబడుతుందని.

ఏళ్ల తరబడి ఆ సిలువ మీద యేసు ప్రభువుగా నిలబడ్డవాడు ఆటో రాయప్ప. ముసలమ్మలు అతన్ని చూసి కొంగుతో కళ్లు ఒత్తుకునేవారు. ఆ ఒక్క రోజు కోసమే ఏడాదంతా బతికేవాడు పాపం. ఈసారి కుర్రాళ్లు, "ఏసయ్యకు గంత పొట్ట ఉంటదా అన్నా?" అని నవ్వి, అతని తమ్ముడు జగదీశ్‌ని నిలబెడతామన్నారు.

సొంత తమ్ముడు! "జగదీశ్ అచ్చం ప్రభువు లెక్కనే కనబడుతున్నడు" అని కట్టుకున్న పెళ్లామే అన్నప్పుడు రాయప్ప కంచం పక్కకు తోసేశాడు.

ఆ ఆదివారం గుడిలో ఫాదర్ చెబుతున్నాడు. "దేవునికి నెత్తురు దాహం లేదు. మన పాపాలకు పరిహారంగా ప్రభువు తన రక్తాన్ని తానే ఇచ్చాడు, ప్రేమతో ఇచ్చాడు. ఇంకొకరి రక్తం కళ్లజూస్తే అది బలి కాదు, హత్య."

రాయప్ప వింటేగా! ముందు వరుసలో కూర్చున్న తమ్ముడి మెడ వైపే చూస్తున్నాడు.

గుడ్ ఫ్రైడే ఇంకా రెండు రోజులుందనగా, రాత్రి పానా తీసుకుని గుంత దగ్గరికి పోయాడు. మబ్బు కమ్మి కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడటం లేదు. ఎవరైనా చూస్తారని ఫోన్ లైటు కూడా వేయలేదు.

అప్పటికే నిలబెట్టి ఉంచిన సిలువ మీద కాళ్లు ఆనించే పలకకు వెనకవైపు రెండు నట్లు. అవి వదులు చేస్తే చాలు... అందరి ముందూ తమ్ముడు జారతాడు, నవ్వులపాలవుతాడు. కింద గుంత ఉందన్న సంగతి ఆలోచించే తీరిక అతని అసూయకు లేదు. పక్కన నిచ్చెన చేతికి తగిలింది. అది అక్కడ ఎందుకుందో కూడా ఆలోచించలేదు.

ఆపుకున్నా ఆగని దగ్గుతో ఒక నట్టు ఊడదీశాడు. రెండోది తిప్పుతున్నాడు...

పైన ఎవరో ఊపిరి పీల్చారు.

రాయప్ప చేయి ఆగిపోయింది. కూలీ దెయ్యం గుంతలో కదా ఉండాలి... ఇది నెత్తిమీద!

"తండ్రీ..." సన్నటి గొంతు. "క్షమించు... ఏం చేస్తున్నడో ఎరుకలేదు..."

రాయప్ప పానా వదిలేసి పరుగెత్తబోయాడు. అప్పుడే — పలక కిర్రుమంది.

"అన్నా! పడిపోతున్న!"

ఆ గొంతు జగదీశ్‌ది!

రాయప్ప ఎట్లా ముందుకొచ్చాడో అతనికే తెలియదు. ఒక కాలు గుంత అంచున తన్నిపెట్టి, వేలాడుతున్న పాదాల కింద భుజం పెట్టాడు. ఊడిన పలక అంచు మెడ పక్కన చీరేసింది. వెచ్చటి నెత్తురు చొక్కాలోకి కారింది. అయినా భుజం తీయలేదు. తాళ్ల ఉచ్చుల్లోంచి చేతులు విడిపించుకుని జగదీశ్ నిచ్చెన అందుకునేదాకా అట్లనే నిలబడ్డాడు.

ఇద్దరూ మట్టిలో కూలబడ్డారు.

"ఈ చీకట్ల ఎందుకెక్కినవ్ రా?"

"నీ లెక్క నిలబడుడు నాతోని అయితలేదన్నా. జర నేర్చుకుందామని ఒక్కన్నే వచ్చిన."

"మరి ఆ మాటలు... అవి గూడ నేర్చుకునేటందుకేనా?"

జగదీశ్ తన తువ్వాలు అన్న మెడకు అదిమిపెట్టాడు.

"కాదు. నీ దగ్గు నాకు తెల్వదా? పానా చప్పుడు గూడ విన్న."

రాయప్ప గొణిగాడు. "మరి ముందే గట్టిగ ఒర్లి నన్ను ఎందుకు ఆపలే రా..."

"ఒర్లితే నువ్వు సిగ్గుపడి మల్ల నా మొఖం చూస్తవో, చూడవో అనుకున్న అన్నా."