తొడుగు ఎరగని తీపు

చేతి తొడుగులు వేడెక్కేదాకా గవరయ్య ఆగాడు. ఎడమది పచ్చగా వెలిగింది. కుడిది ఇంకా తెమల్లేదు. రోజూ ఇంతే. ఎదురుగా రత్నం బల్ల మీద మణికట్టు చాపుకుని కూర్చుంది. గది బయట అరుగు మీద బరువులెత్తే మిగతా పిల్లలు వంతు కోసం చూస్తున్నారు. తెల్లారితే బరువుల పోటీ. ఈలోపు, పోటీకి పనికొస్తుందని ప్రతి ఒంటికీ అర్హముద్ర పడాలి.

"స్పర్శ మొదలుపెట్టండి," అంది కుడి తొడుగు.

ఒకప్పుడు గవరయ్య బరువులెత్తే జట్టుకు మాలీషు చేసేవాడు. జట్టుతో ఊరూరా తిరిగాడు. ఆముదంలో చేతులు ముంచితే, కండ ఎక్కడ బిగిసిందో వేళ్ళకే తెలిసేది. తర్వాత, మర్దనకు అనుమతులిచ్చే స్పర్శకేంద్రం తొడుగులు పంపింది. ఒక పిల్ల మోకాలు బాగోలేదని ఇతనన్నాడు. బాగుందని తొడుగులన్నాయి. తొడుగుల మాటే చెల్లింది. ఆ పిల్ల ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది.

జట్టు వదిలేసి విజయనగరంలో ఈ ఒంటిగది తీసుకున్నాడు. ఇక్కడైనా తన చేతులు తనవి అనుకున్నాడు. ఏడాది తిరక్కుండా సొంత గదులకీ తొడుగులొచ్చాయి. వాటికి నూనె పడదు. ఆముదం గిన్నె అటకెక్కింది. పరీక్ష మధ్యలో తొడుగు తీస్తే పరీక్ష చెల్లదు, మర్దన అనుమతీ పోతుంది. ఆ సంగతి గోడ మీదే రాసి ఉంది. ఈ గది తప్ప అతనికి వేరే బతుకు లేదు.

రత్నం బొటనవేలి కింది గుంటలో నొక్కాడు. తొడుగు మందం. అడుగున ఏముందో అందలేదు.

"ఎలాగుంది?"

"తీపులెడతన్నాది మావా."

"హాయి నమోదైంది," అంది తొడుగు. "ఒత్తిడి పెంచండి."

గవరయ్య పళ్ళు కొరికాడు. తీపంటే లోపల్లోపల లాగే బాధ అని కేంద్రానికి ఎన్నిసార్లో చెప్పాడు. తీపు రుచి కిందికి వస్తుందని, ఫిర్యాదును వంటల విభాగానికి పంపామని జవాబొచ్చింది. ఆ విభాగం వాళ్ళు బెల్లం పాకం పట్టే పద్ధతి పంపారు.

"నొప్పి అను రత్నం. ఆ మాటైతే దానికి తెలుస్తాది."

"అమ్మో! అలాగంటే ముద్రాపేస్తాది."

"రేపు బరువు నెత్తి మీదుండగా చెయ్యిరిగితే?"

"ఇరగదులే. నీకన్నీ అనుమానాలే మావా. జట్టులోనూ ఇలాగే సణిగితే పంపేసారట గదా."

"పంపలేదు. నానే వచ్చేసాను."

"రెండూ ఒకటే గదేటి!"

"అర్హముద్రకు సిద్ధం," అంది తొడుగు. "చేతులు తీయకండి."

గవరయ్య తొడుగులే తీసేశాడు. ముందు కుడిది, తర్వాత ఎడమది. రెంటినీ బల్ల కిందికి గిరాటేశాడు.

"పరీక్ష చెల్లదు. మీ అనుమతి రద్దయింది."

"మావా! ఏటి చేసినావు!"

అతను ఒట్టి బొటనవేలు ఆ గుంటలో మెల్లిగా ఆనించాడు. రత్నం కెవ్వుమంది. వేలి కింద చర్మం ఉబ్బి, కాలిపోతోంది.

"ఎముక చిట్లినట్టుందే తల్లీ. పెద్దాసుపత్రికెళ్ళు."

"నా పోటీ ముంచేసినావు!" రత్నం ఏడుస్తూ బయటికి నడిచింది.

అరుగు మీది పిల్లలు మూగారు. "ఏటయ్యిందే?"

"తీపన్నాను. ఎముకట," అంది రత్నం ముక్కు చీదుకుంటూ.

 ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పొడుగుపిల్ల గౌరీశ్వరి లేచి లోపలికొచ్చి బల్ల మీద బోర్లా పడుకుంది.

"నా నడుం ఎప్పట్నుంచో తీపే మావా. చేత్తో సూడు."

"ముద్ర పడదు."

"తెలుసులే."

ఆమె వెనకే ఇంకో ఇద్దరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"చేతులు కనిపించడం లేదు," అంది తొడుగు బల్ల కింద నుంచి. "చేతులు కనిపించడం లేదు."

గవరయ్య స్టూలెక్కి అటక మీద ఆముదం గిన్నె కోసం తడుముతున్నాడు.