నేలకు పోసిన కాఫీ

ఆ మధ్యాహ్నం మీచెస్ తీరంలోని నీలం ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. ఇంటావిడ దోన్యా తెల్మా. పడవెక్కి దొంగచాటుగా ప్యూర్టోరికో చేరాలని వచ్చిన మంగలి ఎలీజియో, నెలలు నిండిన రోస్లిన్, ఒకరినొకరు ఆనుకుని కూర్చున్న ముగ్గురు అన్నదమ్ములు. వాళ్ళను పంపిస్తున్న విదేశీ ముఠా మనిషి వాన్ హెక్. అతని పక్కన ఎర్ర గౌనులో మిరెయా. నల్లబట్టల విధవరాలి వేషంలో, తానూ పడవెక్కుతానని వచ్చిన సీక్రెట్ ఏజెంట్ యొకాస్తా.

ఎవరికీ కనపడని మనిషి ఇంకొకరు ఉన్నారు. ఇలాంటి పడవే ఎక్కి ఈ సముద్రంలోనే మునిగిపోయిన యొకాస్తా తల్లి. అలల హోరు తగ్గినప్పుడల్లా యొకాస్తాకు వెనక తడిపాదాల చప్పుడు వినిపించేది. తిరిగి చూస్తే పొడినేల.

ముందురోజు కల్నల్ ఊరెన్యా క్లుప్తంగా బ్రీఫింగ్ ఇచ్చాడు.

"ఈసారి పడవని వాళ్ళే ముంచేస్తారని సమాచారం. కోస్ట్‌గార్డ్ అంతా అటు పరుగెత్తితే, వాళ్ళ కొకైన్ ఓడ ఇటు జారుకుంటుంది."

"ఎలా ముంచుతారు సార్?"

"అది నువ్వే కనిపెట్టాలి. ఆధారం లేకుండా పట్టుకుంటే వాన్ హెక్ వెంటనే బయటికొచ్చేస్తాడు. లోపల మన డబుల్ ఏజెంట్ మిరెయా ఉంది. సాంతియాగో నగరంలో గొప్పింటి పిల్లగా చలామణీ అవుతోంది. 'మామిడి ఇంకా పండలేదు' అంటుంది. నువ్వు 'ఉప్పేసుకు తిందాం' అను."

"పడవలో జనం సంగతి?"

"చట్టబద్ధమైన దారిలో వెళ్ళేవాళ్ళ గురించి అడుగు, చెప్తాను."

యొకాస్తా తలపిన్ను జడలో గుచ్చుకుంది. అది నొక్కితే కోస్ట్‌గార్డ్‌కు సిగ్నల్ వెళుతుంది.

మిరెయాతో కోడ్‌వర్డ్ గుమ్మంలోనే కలిసింది. తెల్మా కాఫీ తెచ్చింది.

"ప్యూర్టోరికోలో తలలన్నీ నా కత్తెర కోసమే పెరుగుతున్నాయి పిన్నీ," అన్నాడు ఎలీజియో.

"ముందు సముద్రం నీకు గుండు కొట్టకుండా చూసుకోరా!"

అందరూ నవ్వారు. మిరెయా నవ్వుతూనే కప్పు వంచి, తాగబోయేముందు మూడు చుక్కలు నేల మీద వదిలింది.

యొకాస్తా కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది. చెరకు కూలీల గుడిసెల్లో అమ్మమ్మ రోజూ చేసిన పని అది. హైతీ నుంచి వచ్చినవాళ్ళు మొదటి కాఫీ చచ్చిపోయినవాళ్ళకు పోస్తారు. సాంతియాగో గొప్పింట్లో ఎవరూ పోయరు. ఆ అలవాటును యొకాస్తా తన చేతికి ఎంత కష్టపడి మాన్పించిందో!

మిరెయా చెయ్యి ఆగలేదు. రోస్లిన్‌ను చూసింది. రెండు చుక్కలు. ఎలీజియోను చూసింది. ఒక చుక్క. అన్నదమ్ములకు మూడు. చివరగా యొకాస్తాను చూసింది. ఒక చుక్క.

యొకాస్తా తాగకుండానే కప్పు కింద పెట్టేసింది.

వాన్ హెక్ అందరినీ పడవ దగ్గరికి తోలాడు. మిరెయా కాఫీకూజా వంటింట్లోకి తీసుకెళ్ళి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. యొకాస్తా వెనకే వెళ్ళింది.

"మామిడి పండలేదన్నావు. మమ్మల్ని అప్పుడే కోసేశావా?"

"ఏంటక్కా ఆ మాటలు?"

"మా అమ్మమ్మ కూడా పోసేది. బతికున్నవాళ్ళకి మాత్రం ఎప్పుడూ పోయలేదు."

మిరెయా మొహంలో పూసుకున్న రంగు తప్ప ఏమీ మిగల్లేదు. "చెయ్యి దానంతటదే..." అంది. తర్వాత మాట గట్టిపడింది. "నేనిక్కడే పుట్టాను. మా నాన్న హైతీవాడని నాకు పౌరసత్వ కాగితం ఇవ్వలేదు. గూఢచారిగా పనిచేస్తే ఇస్తామన్నారు. చేశాను. కౌంటర్‌కి వెళ్ళినప్పుడల్లా 'రేపు రండి' అని మొహమ్మీద తలుపేశారు. వాన్ హెక్ ఒక్క పూటలో తెచ్చిచ్చాడు. మరి నేనెవరి మనిషినవ్వాలి?"

ఇంటికి తలుపు ఉండాల్సిందేనని యొకాస్తా నమ్మకం. గడియా ఉండాల్సిందే. కానీ ఎన్నేళ్ళు తట్టినా తీయకుండా, గోడ దూకినవాళ్ళను దొంగలనడం ఏం న్యాయం? అమ్మ కూడా గోడ దూకిన మనిషే.

"నేనూ ఆ గుడిసెల్లోనే పుట్టాను," అంది. "మా నాన్నకి కాగితం ఉంది. మన ఇద్దరికీ తేడా అంతే. రోస్లిన్‌కి రెండు చుక్కలు పోశావు మిరెయా. రెండోది ఎవరికి?"

బయట పడవ ఇంజను మొదలైంది.

"ఐస్ పెట్టెలో," అంది మిరెయా. "నీళ్ళ సీసాల కింద. రిమోట్ అతని వాచీ."

యొకాస్తా పిన్ను నొక్కి, పరుగెత్తింది. పడవ కదిలిపోతోంది. ఛాతీలోతు నీళ్ళలో అంచు పట్టుకుంది.

"పెట్టె తోసేయండి! బాంబుంది!"

"అందులో నా కత్తెరలున్నాయి తల్లీ!" ఎలీజియో అరిచాడు.

ఒడ్డున వాన్ హెక్ మణికట్టు పైకెత్తాడు. మిరెయా అతని వెనకే వచ్చి, మరుగుతున్న కాఫీకూజా ఆ చేతిమీద కుమ్మరించింది. అతను కేక పెట్టాడు. అన్నదమ్ములు పెట్టెను అటువైపు సముద్రంలోకి దొర్లించారు. అతని వేలు బటన్ వెతుక్కుని నొక్కేసరికి పెట్టె బాగా మునిగిపోయింది. నీళ్ళు కొండలా లేచాయి. పడవ పల్టీకొట్టబోయి నిలబడింది. రోస్లిన్ పొట్ట పట్టుకుని ఏడుస్తోంది. అందరూ బతికే ఉన్నారు.

కోస్ట్‌గార్డ్ వచ్చింది. కొకైన్ ఓడ దొరికింది. వాన్ హెక్‌కు బేడీలు పడ్డాయి. ఎలీజియోను, అన్నదమ్ములను తిట్టి ఇళ్ళకు పంపారు. కాగితాలు లేని రోస్లిన్‌ను, మిరెయాను హైతీ సరిహద్దుకు వెళ్ళే ట్రక్కు ఎక్కించారు. వాన్ హెక్ ఇచ్చిన కాగితం సాక్ష్యంగా సంచిలోకి పోయింది.

"వాళ్ళని కాపాడింది ఆమే సార్!"

"రిపోర్టులో రాస్తాను," కల్నల్ తలెత్తలేదు. "చట్టం చట్టమే."

యొకాస్తా ట్రక్కు వైపు నడిచింది. వెనక తడిపాదాల చప్పుడు. తిరిగి చూసింది. ఈసారి ఇసుకలో అడుగులున్నాయి. అవి తనవే.

"రాజధానికి నేనే వెళ్తాను మిరెయా. నీ కాగితం కోసం అడుగుతాను, రాసిచ్చేదాకా కదలను..."

మిరెయా చిరిగిన ఎర్ర గౌను సర్దుకుని, ట్రక్కు తలుపు లోపలి పిడి పట్టుకుంది.

"కౌంటర్ మూసేశామండీ," అంది. "రేపు రండి."

తలుపేసేసింది.