వెంట ఒకరు కావాలి

మదనపల్లె దాటి బస్సు పుంగనూరు రోడ్డెక్కేసరికి వాన అందుకుంది. కిటికీ అద్దం జరపబోయిన సుప్రజకు కాళ్ల దగ్గర చల్లగా ఏదో తగిలింది. కిందికి చూస్తే అల్యూమినియం క్యాను. దాని మూతిలోంచి తెల్లగా పొగ.

"బాంబు!" అని ఒక్క అరుపు అరిచింది.

నర్సింగ్ కాలేజీలో పిల్లలకు ధైర్యం గురించి పాఠాలు చెప్పే మనిషి. బస్సు కీచుమని ఆగింది. కండక్టరు అందరికంటే ముందు దిగాడు.

"బాంబు కాదు మేడం," అంటూ పక్క సీటులోని మనిషి తాపీగా క్యానుకు మూత పెట్టాడు. చేతిలో సన్నటి కర్ర, దాని చివర మంచు. "నైట్రోజన్ ఎంతుండాదో కొలుస్తాండా."

"బస్సులో ఎవరన్నా నైట్రోజన్ కొలుస్తారా? ఏముండాది దాంట్లో?"

"నాలుగు జెర్సీ ఎద్దులు."

"ఏమప్పా, ఎగతాళా?"

"ఎద్దులంటే వాటి వీర్యం మేడం. నైట్రోజన్ చలికి గడ్డ కట్టించి స్ట్రాలలో పెట్టింటారు. అది తగ్గితే అంతా పోతాది. చౌడేపల్లెలో రెండావులు ఎదకొచ్చుండాయి. ఈ పొద్దు సూది పడకపోతే మళ్లీ ఇరవై ఒక్క రోజులు ఆగాల."

బస్సంతా నవ్వింది. తిరిగి ఎక్కిన కండక్టరు అందరికంటే గట్టిగా నవ్వాడు. కంగారులో సుప్రజ ఒడిలోంచి జారిన కాగితాలను ఆ మనిషి ఏరుతూ పైకి చదివాడు.

"స్త్రీలలో అండాల శీతలీకరణ పట్ల అవగాహన, వైఖరి. అయితే మనది ఒకటే డిపార్ట్‌మెంటు మేడం! మీది ఆడోళ్ల సెక్షను, నాది ఎద్దుల సెక్షను. నా పేరు లోహిత్."

కోప్పడాలనుకుంది. నవ్వొచ్చింది. అది కనబడకూడదని వాన చూస్తున్నట్టు కిటికీ వైపు తిరిగింది.

అది రెండు వేల తొమ్మిది. సుప్రజకు ముప్పై రెండేళ్లు. కుప్పంలో ఉద్యోగం, మదనపల్లెలో ఇల్లు, మధ్యలో ఎమ్మెస్సీ థీసిస్. మదనపల్లెలో పెద్ద చదువులున్న ఇళ్లు ఏరుకుని నలభై ఫారాలు పంచింది. "మా ఆయన రానీమ్మా, నింపిస్తా" అని అందరూ ఆప్యాయంగానే తీసుకున్నారు. తిరిగొచ్చిన వాటిలో పద్దెనిమిదింటి మీద మగవాళ్ల సంతకాలు. ఆడవాళ్ల వైఖరి ఏమిటో మొగుళ్లు చక్కటి ఇంగ్లీషులో రాసి పంపారు. ఒక లెక్చరరమ్మ మాత్రం సొంతంగా రాసింది: "ఇలాంటివి మన ఆడపిల్లలకు తెలియకపోవడమే మేలు." ఆవిడ చెప్పే సబ్జెక్టు జువాలజీ.

సుప్రజ హ్యాండ్‌బ్యాగులో ఇంకో కాగితం కూడా ఉంది. బెంగళూరు ఆస్పత్రిది. అండాలు తీసే రోజున వెంట ఒకరు తప్పనిసరిగా రావాలని అందులో రాసుంది. ఆ ఒకరెవరో ఇంకా తెలియదు. పిల్లలంటే ఆవిడకు ప్రాణం. కానీ వయసు దాటిపోతుందన్న భయంతో ఎవడో ఒకడికి తల వంచడమంటే ఒళ్లు మంట.

"మీ ఫారాలకు ఆడోళ్లు కావాలంటే సాయంత్రం చౌడేపల్లె పాల కేంద్రానికి రండి," అన్నాడు లోహిత్. "మొగోళ్లు ఆడికి రారు. పని ఉంటాది గదా!"

వెళ్లింది. క్యాన్లు పట్టుకుని ముప్పై మంది వరుసలో ఉన్నారు. అందరికంటే ముందున్న పూలమ్మకు మూడు జెర్సీ ఆవులు, వాటికి మించిన నోరు.

"అండాలు తీసి గడ్డ కట్టించి పెట్టుకుంటే, ఇంకొన్నేళ్లకు బిడ్డను కనొచ్చని తెలుసా అక్కా?" అని సుప్రజ బెరుకుగా మొదటి ప్రశ్న అడిగింది.

"దాంట్లో ఏముండాది తెలియకపోయేదానికి? లోహిత్ క్యానులో దినామూ సూస్తాండాము. ఈడ ఎద్దుది, ఆడ మనిషిది. నైట్రోజన్ ఎవురు పోస్తారు? మరిస్తే ఎవురిని అడగాల?"

ఈ ప్రశ్న సుప్రజ థీసిస్ గైడు కూడా అడగలేదు.

"పెట్టినవన్నీ నిలుస్తాయా?" వెనకనుంచి మునీశ్వరి అనే ఆవిడ అందుకుంది. "మా ఆవుకు మూడు సూదులేస్తే ఒకటి కట్టింది."

"గ్యారంటీ లేదక్కా. కొన్ని కరిగించేటప్పుడే పోతాయి. వయసులో తీసినవైతే కాస్త మేలు."

"అట్ల చెప్పు! గ్యారంటీ అనింటే అబద్ధం అనుకుందును."

చివరి ప్రశ్న, ఇది మంచిదేనా అని. పూలమ్మ క్యాను కింద పెట్టింది.

"మా ఆవు ఎదకొస్తే ఫోన్ చేసి మనిషిని పిలిపిస్తాను. బక్కగా ఉంటే ఈసారికి వద్దులే అంటాను. నన్ను పదహారేండ్లకు కట్టేసినారు పాపా. బిడ్డ ఇప్పుడు కావాల్నా, తరవాత కావాల్నా అని నన్ను అడిగినోడు లేడు. ఆడదాన్ని అడిగి చేసే పని ఏదైనా మంచిదే. రాసుకో."

సుప్రజ రాసుకుంది. 

"మరి నువ్వు పెట్టుకున్నావా?"

సుప్రజ చెయ్యి హ్యాండ్‌బ్యాగు మీదికి పోయింది. సంగతి వరుసలో అందరికీ అర్థమైంది. కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న లోహిత్‌కూ అర్థమైంది. అర్థమైంది అనుకున్నాడు, అదే వచ్చిన చిక్కు.

టీవీఎస్ మీద పుంగనూరు బస్టాండులో దింపి, తుంపరలో తడుస్తూ నిలబడి, ఎంతో ఔదార్యంగా అన్నాడు. "మేడం, నాకు ముప్పై నాలుగు. పెండ్లి కాలేదు. నన్ను చేసుకుంటే మీకు ఈ సూదులూ, దాచుకోవడాలూ యాల?"

"పెండ్లికొడుకు దొరక్క దాచుకుంటాండానని ఎవరు చెప్పినారు మీకు?"

"అది కాదు మేడం..."

"ఆవు ఎదకొస్తే దాని యజమానినన్నా అడుగుతారు గదా మీరు! నాకేం కావాలో నన్ను అడగలేదే?"

మదనపల్లె బస్సెక్కింది. మనసుకు నచ్చినవాడే ఆ మాట అన్నాడని దారంతా ఏడ్చింది.

ఇంట్లో తల్లి రుక్మిణమ్మకు ఆస్పత్రి కాగితం చూపిస్తే అక్కడా పెళ్లి మాటే.

"పెండ్లి కాని పిల్ల ఆ ఆస్పత్రి మెట్లెక్కితే నిన్నెవరు చేసుకుంటారే?"

"నచ్చినోడు దొరికేదాకా ఆగేదానికే మా, నేను పోతాండేది."

"నేను రాను. చస్తే రాను."

సుప్రజ కుప్పం వెళ్లిపోయి, అండాలు పెరిగేందుకు పది రోజులు తన పొట్టకు తనే సూదులు వేసుకుంది. ఇంకొక్క రోజే ఉందనగా కాలేజీ గేటు ముందు లోహిత్ కనిపించాడు. పూలు లేవు. చేతిలో కాగితాల కట్ట.

"సదుం పాల కేంద్రంలో ఇరవై ఆరు ఫారాలు మేడం. మొగోడి రాత ఒక్కటుంటే చూడండి. రాయలేనోళ్లు వేలిముద్రలేసినారు." తల గోక్కున్నాడు. "ఆ పొద్దు నేనన్నది తప్పు. పూలమ్మకు చెప్పుకుంటే పాల కేంద్రంలో అందరి ముందూ వాయించింది. ఇప్పుడు అడుగుతాండా. మీకేం కావాల?"

"రేపు బెంగళూరుకు వెంట ఒకరు కావాల."

"ఎన్ని గంటల రైలు?"

యాల అని అడగలేదు, నేనెవరినని రావాల అనీ అడగలేదు. ఆ ఒక్కందుకే సుప్రజ అతన్ని క్షమించేసింది. అతనికి చెప్పలేదంతే.

ఆస్పత్రిలో గుమాస్తా ఫారం ముందుకు తోసి, "మీరు భర్తేనా?" అన్నాడు.

"కాదు."

"అన్నా తమ్ముడా?"

"కాదు సార్. ఆవులకు సూదులేస్తాను."

గుమాస్తా పెన్ను కింద పెట్టేశాడు. లోహిత్ ఆ పెన్నుతోనే బంధుత్వం అన్నచోట 'వెంట వచ్చినవాడు' అని రాసి సంతకం చేశాడు.

సుప్రజకు మెలకువ వచ్చేసరికి మంచం పక్కన అతనే. చేతిలో ఆవిడ సెల్‌ఫోను.

"పదకొండు తీసినారంట. దాంట్లో తొమ్మిది బాగుండాయంట." ఊపిరి పీల్చుకున్నాడు. "గ్యారంటీ లేదు, నాకు తెలుసు. నైట్రోజన్ ఎవరు పోస్తారో, ఎన్ని రోజులకో అంతా అడిగి రాసుకున్నా. పూలమ్మకు చెప్పాల గదా!"

సుప్రజ నవ్వబోయి నొప్పికి ఆగింది. "ఫోన్ ఎవరు చేసినారు?"

"మీ అమ్మ. నాలుగుసార్లు. మొదట, తిన్నిందా అన్నింది. తరవాత, నువ్వెవరప్పా అన్నింది. వెంట వచ్చినోడినమ్మా అంటే, పెండ్లయిందా నీకు అన్నింది."

చస్తే రానన్న మనిషి పక్షం రోజుల్లో సంబంధం చూసేసింది. కిటికీ బయట బెంగళూరు వాన సన్నగా పడుతోంది. సుప్రజ అతని వైపు తిరిగింది. రాత్రి రైలు ప్రయాణానికి నలిగిన చొక్కా, జేబులో నైట్రోజన్ లెక్కలు రాసిన చీటీ.

"పుంగనూరు బస్టాండులో ఒకటడిగినావే. ఇప్పుడడుగు."

లోహిత్ గతుక్కుమన్నాడు. తర్వాత బుద్ధిగా, నేర్చుకున్న పాఠం అప్పజెబుతున్నట్టు అన్నాడు. "తొందరేముండాది మేడం? మీకిప్పుడు కావాల్సినంత టైముండాది గదా."

"దాచుకున్నది నేను గదా, టైము నాకుండాది," అంది సుప్రజ. "నీకు లేదు. అడుగు."