మెట్ల మీద నిలబడ్డ తాత

సోమవారం సాయంత్రం 4:12. ఖజానాలోంచి నగర ముద్ర మాయమైంది.

ఇటుకలతో కట్టిన నగరం కాదది. కంప్యూటర్లో నాలుగు వందల మంది వేషాలు కట్టి కాపురం చేసే ఊరు. దానికో కోర్టు, ఓ జడ్జి, ఓ ఇన్‌స్పెక్టర్. ఈ ఇన్‌స్పెక్టర్ బయట స్కూలు గుమాస్తా. లోపల మాత్రం పులి.

ముద్ర, ఆ ఊళ్ళో గడియారాలు బాగుచేసే తాత సంచిలో దొరికింది. తాత ఖజానా మెట్ల మీదే నిలబడి ఉన్నాడు. ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పలేదు. మూడు రోజులు పలక్కపోతే నేరం ఒప్పుకున్నట్టేనని అక్కడి రూలు. జడ్జి దోషి అన్నాడు. గురువారం ఆరింటికి తాత పేరు నగరంలోంచి తుడిచేస్తారు.

గురువారం ఐదింటికి తాత ఖాతాలోంచి మెసేజ్ వచ్చింది. ఇప్పటికి పలికాడా మహానుభావుడు అనుకుంటూ తెరిచాడు ఇన్‌స్పెక్టర్.

"నేను ఆయన కూతుర్నండి. నాన్న పోయారు. ఈ కంప్యూటర్ ఇవాళే తెరిచాను. దొంగ అని రాశారేంటండీ?"

అతను గబగబా టైపు చేశాడు. "ఎప్పుడమ్మా?"

"సోమవారం. నాలుగింటికి టీ ఇచ్చాను. కప్పు తీసుకుందామని వెళ్తే, కుర్చీలోనే..."

ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో నమోదయ్యే లాగ్ తెరిచాడు. తాత చివరి అడుగు 4:03. ఆ తర్వాత కదల్లేదు. 4:13కి అతని పక్కన ఆగిన మనిషి ఒక్కడే. కోశాధికారి.

కదలని మనిషి సంచిలో ఎవరైనా ఏదైనా వేయొచ్చు. అందుకే కంప్యూటర్ కట్టేసి వెళ్ళేముందు అందరూ తమ వేషాన్ని ఇంటికి నడిపించి, మంచం మీద పడుకోబెట్టి, తలుపు గడియ పెడతారు.

5:40. కోర్టు మళ్ళీ కూడింది.

"4:13కి తాత పక్కన ఎందుకు ఆగారు?"

కోశాధికారి పలకలేదు. ఒప్పుకున్నట్టేగా అన్నారెవరో. ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోలేదు. ఆ రూలుతో ఒకసారి చేసిన పాపం చాలన్నాడు. చెప్పుకోవడానికి టైమివ్వమన్నాడు. ఐదు నిమిషాలకి కోశాధికారి నిజం చెప్పాడు. ముద్ర తీశాక కాపలావాడు ఎదురొస్తే భయపడి తాత సంచిలో పడేశాడట.

"అసలు క్లూ మొదటి రోజే నా కళ్ళెదుట ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తాత నిలబడి ఉన్నాడు. ఎనిమిదేళ్ళలో ఒక్క పూట కూడా ఆయన పడుకోకుండా వెళ్ళలేదు. ఎందుకు తీశావని పదిసార్లు అడిగాను. ఒంట్లో ఎలా ఉందని ఒక్కసారి అడగలేదు."

5:58. తీర్పు రద్దయింది.

"నాన్నని ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టొచ్చాండీ? నాకు నడపడం రాదు."

ఏ మీట నొక్కాలో ఒక్కొక్కటే చెప్పాడు. తాత తడబడుతూ మెట్లు దిగాడు. వీధిలో అందరూ పక్కకి జరిగారు. ఇల్లు చేరాడు. మంచమెక్కాడు. గడియ పడింది.

ఇక్కడ స్కూలు ఆఫీసులో, పక్క టేబుల్ మనిషి చూస్తుండగానే, గుమాస్తా ఏడ్చేశాడు.