మూడో పిలుపు

2023 జూలై 20, గురువారం. మూడు రోజులుగా ముసురు. ఆకాశం తడిసిన గోనెపట్టాలా నాచారం మీద వేలాడుతోంది. వీధిదీపాలు పెందలాడే వెలిగాయి, చీకటి పడగానే ఆరిపోయాయి.

తేదీ ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నేను దాదాపు పోయాను. తను పోయిన తేదీ తనే చెప్పుకునే భాగ్యం అందరికీ దక్కదు కదా.

ముందు ఆ గేటు సంగతి చెప్పాలి.

మా కాలనీకీ మెయిన్ రోడ్డుకీ మధ్య ఒక బల్బుల ఫ్యాక్టరీ ఉంది. మూతపడి చాలా ఏళ్లయింది. దాని ప్రహరీని ఆనుకుని ఒక సందు. సందు మధ్యలో తుప్పు పట్టిన గేటు, పక్కన వాచ్‌మన్ గది, గది ముందు రాతి బెంచీ. ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లకే వెలుగు పంపిన చోటు... ఇప్పుడక్కడ ఒక్క దీపం లేదు.

చీకటి పడితే ఆ సందులోకి ఎవరూ వెళ్లరు. ఆటోవాళ్లు కూడా చుట్టూ తిరిగి పోతారు.

కారణం రామస్వామి. ఆ గేటు వాచ్‌మన్. షిఫ్టుకు వచ్చే ప్రతి మనిషినీ పేరుపెట్టి పలకరించేవాడు. నేనక్కడ ల్యాబులో కెమిస్టుని. గుంటూరులో నేను చదివిన బీఎస్సీని ఈ ప్రపంచంలో గుర్తుపెట్టుకున్నది ఆయనొక్కడే. "రామచంద్రరావు సార్, గియ్యాల డిగ్రీ ఇంట్ల మరిచొచ్చినవా?" అని నవ్వేవాడు. ఫ్యాక్టరీ మూసేశాక అందరం తలో దారి పట్టాం. ఆయన మాత్రం గది వదల్లేదు.

ఒక వానరాత్రి ఆయనకు గుండెనొప్పి వచ్చిందట. సందులో పోయేవాళ్లను వెనక నుంచి పేరుపెట్టి పిలిచాడట. ఎవరూ తిరిగి చూడలేదు. తెల్లారి చూస్తే... ఆ బెంచీ మీదే.

అప్పట్నుంచీ పిలుస్తూనే ఉన్నాడంటారు. వెనక నుంచి. పేరుపెట్టి.

నేను నమ్మలేదు. సైన్సు చదివినవాణ్ణి. పైగా ఆ దెయ్యం వల్ల నాకొక లాభం ఉంది.

నాకు బీపీ. మా అమ్మాయి గౌతమి ఇంట్లో నూనె వాసన కూడా రానివ్వదు. ఉప్పు దగ్గర మా అల్లుడు మహిపాల్ కాపలా. వాళ్లు మా ఇంట్లోనే పై అంతస్తులో ఉంటారు. అందుకని ప్రతి గురువారం సాయంత్రం నేను మెల్లిగా జారుకునేవాణ్ణి. ఉప్పలమ్మ బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకుని, ఆ సందులోకి పోయి, ఆ బెంచీ మీద కూర్చుని తినేవాణ్ణి. మా ఇంట్లోవాళ్లు పొరపాటున కూడా అడుగుపెట్టని చోటు ఊరు మొత్తం మీద అదొక్కటే. దెయ్యం కాపలా కాసే హోటలు నాది. ఫోను ఇంట్లోనే వదిలేసేవాణ్ణి. అందులో గౌతమి నేనెక్కడున్నానో చూపించే యాప్ ఏదో పెట్టింది.

బజ్జీ తింటూ ఊరికే కూర్చోలేం కదా. కబుర్లు కావాలి. ఎవరూ లేరు కాబట్టి అల్లుడి మీద పితూరీలు పైకే చెప్పుకునేవాణ్ణి. "ఈ మహిపాల్ ఉన్నాడే... గేటుకి అడ్డంగా బండి పెడతాడు. నా పళ్లెంలో పచ్చడి లెక్కగా వేస్తాడు. ఈ మహిపాల్‌కి నేనంటే లెక్కే లేదు..." ఎదురుగా ఉంటే మాత్రం "అల్లుడు గారూ" అనేవాణ్ణి. ఆ పక్కన ఇంకో మాట ఉండేది కాదు.

ఆ గురువారం వాన కాబట్టి వాకింగ్‌కని చెప్పినా పంపరు. మా ఆవిడ సుబ్బులు సీరియల్లో ఉంది. గౌతమి ఆఫీసు కాల్లో ఉంది. మంకీ క్యాప్ పెట్టుకుని, గొడుగు తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని సొంత ఇంట్లోంచి దొంగలా బయటపడ్డాను. డెబ్బై మూడేళ్ల దొంగ.

మొదటి బజ్జీ అయింది. రెండోది చేతిలో ఉంది... చెయ్యి నోటి దాకా రాలేదు.

రమ్మన్నాను. రాలేదు. ఇన్నేళ్ల సంసారంలో ఆ ఇంట్లో నా మాట వినేది నా కుడిచెయ్యి ఒక్కటే. అదీ ఎదురు తిరిగింది. పెదవి ఒక పక్కకు జారింది. గొడుగు పడిపోయింది.

ఇక్కణ్ణుంచి చాలా మటుకు మహిపాల్ చెప్పగా విన్నది.

ఇంట్లో దీపాలు పోయాక నేను లేనని తెలిసింది.

"మంచం మీద లేరు, బాత్రూంలో లేరు. ఇంత వానలో ఎక్కడికి పోతారు బాబూ?" అంది సుబ్బులు.

"జర ఓపిక వట్టు అత్తమ్మా. నేను సూసొస్త."

బండి వేసుకుని మెయిన్ రోడ్డంతా తిరిగాడు. మురుగు నాలా పొంగి రోడ్డు చెరువైంది. మోకాలి లోతు నీళ్లలో బండి ఆగిపోయింది. వెనక్కి రావడానికి మిగిలింది ఒకటే దారి.

ఆ సందు.

మహిపాల్ జనగామ వైపువాడు. ఉప్పల్లో కంప్యూటర్ ఉద్యోగం, లోపల మాత్రం వాళ్ల నాయనమ్మ పెంపకం. చీకట్లో వెనక నుంచి పిలుపొస్తే పలకొద్దు, తిరగొద్దు. దెయ్యం రెండుసార్లే పిలుస్తది. మూడోసారి పిలిస్తే మనిషి. మూడోది వినేదాకా తల తిప్పినవా... అంతే.

బండి తోసుకుంటూ వస్తున్నాడు. చూపు నేల మీదే. వాన. చెప్పుల్లో నీళ్లు చప్పుడు చేస్తున్నాయి. గేటు దాటాడు.

"మహిపాలూ..."

సన్నగా. వెనక నుంచి.

ఆగలేదు. తెలిసిన దేవుళ్ల పేర్లన్నీ ఒకేసారి నోటికొచ్చాయట. ఇంకో నాలుగడుగులు వేశాడు.

"ఓ మహిపాలూ..."

బండి గోడకు తగిలింది. పరుగెత్తాలనిపించింది. నాయనమ్మ మాట అడ్డొచ్చింది. కదలకుండా నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి విన్నాడు.

వాన చప్పుడు... వాన చప్పుడు...

"మహిపాలూ... గిటు సూడు బిడ్డా."

మూడు!

తిరిగాడు. ఫోను లైటు వేశాడు. బెంచీ మీద తెల్ల పంచె, నల్లటి తల, ఒక పక్కకు వంకర తిరిగిన మూతి. గావుకేక పెట్టాడు. ఆ కేక కాలనీ దాకా వినిపించిందని తర్వాత అందరూ చెప్పారు. జూలై నెలలో మంకీ క్యాప్ పెట్టే దెయ్యం ఉండదని అప్పుడు తట్టిందట.

"మామా! అయ్యో మామా... ఏమైంది?"

నన్ను పట్టుకోబోతే చేతికి పొట్లం తగిలింది. గౌతమికి ఫోను చేశాడు. అంబులెన్సువాళ్లు నీళ్లలో రాలేమన్నారు. పక్కింటి గిరిప్రసాద్ నీళ్ల క్యాన్లు వేసే ట్రాలీ ఆటో తీసుకుని, ప్రహరీ వెనక మట్టి దారిన వచ్చాడు. నన్ను క్యాన్ల మధ్య పడుకోబెట్టారు. సుబ్బులు కొంగులో ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చింది.

"ఒక్క నిమిషం ఆగండర్రా, గేటు దగ్గర పడ్డారు, దిష్టి తీస్తాను!"

"అమ్మా, నాన్న నోరు చూడు! బండెక్కు!"

"దార్లోనే తీస్తాలే అయితే."

తీసింది కూడా. ఉప్పల్ రింగు రోడ్డు మీద, వాన గాలిలో, ఉప్పంతా నా కళ్లలోనే పడింది. కళ్లు నులుముకుందామంటే చెయ్యి లేవదు.

ఆసుపత్రిలో డాక్టర్ హరిచందన స్కాను చూసి అడిగింది ఒకటే. "ఎప్పుడు మొదలైంది?"

మెదడులో రక్తం గడ్డ. కరిగించే ఇంజెక్షన్ ఉంది. మొదలైన కొద్ది గంటల్లోనే ఇవ్వాలి. గడువు దాటాక ఇస్తే మెదడులో రక్తస్రావమై మనిషే పోవచ్చు. ఇవ్వకపోతే ఆ చెయ్యీ మాటా తిరిగి రాకపోవచ్చు.

ఎవరికి తెలుసు? మధ్యాహ్నం భోజనం తర్వాత నన్ను ఎవరూ చూడలేదు. అప్పట్నుంచి లెక్కేస్తే గడువు దాటిపోయింది. గౌతమి గోడకు ఆనుకుని ఏడుస్తోంది. దమ్మాయిగూడ నుంచి తడిసి వచ్చిన మా అబ్బాయి అనిరుధ్, "ఇంత మంది ఉండి ఒక్క మనిషిని చూసుకోలేకపోయారా?" అని అరుస్తున్నాడు. నేను చూస్తున్నాను. అన్నీ తెలుస్తున్నాయి. చెప్పలేను.

అప్పుడు మహిపాల్ జేబులోంచి నూనె కారుతున్న పొట్లం తీశాడు.

"మేడం... నాకు దొరికినప్పుడు గివి ఇంకా వేడిగున్నయ్. రెండోది చేతిలనే ఉంది. సగం గూడ కొరకలే."

డాక్టరు పొట్లం చూసింది, నన్ను చూసింది. అది ఉప్పలమ్మ బండి పొట్లమని మహిపాల్ చెబితే ఆమెకు ఫోను చేయించింది. ఉప్పలమ్మ గొంతు స్పీకరులో వార్డంతా మోగింది. "రావు సారా? కరెంటు వోయినంక వచ్చిండు మేడం, నేను వాయి దించుతాంటే. ప్రతి గురువారం వస్తడు. ఉల్లిగడ్డ జర ఎక్కువ ఎయ్యిమంటడు."

ఇంజెక్షన్ ఇచ్చారు.

అంత సేపూ దేవుళ్లకు మొక్కుతున్న సుబ్బులు నా మొహంలోకి వంగి, "ప్రతి గురువారమా?" అంది. ఆ రాత్రి అంతటికీ నేను భయపడింది అప్పుడే.

బతికాను. చెయ్యి ముందు వచ్చింది, మాట మెల్లిగా వచ్చింది. మొదటి మాటగా "సుబ్బులూ" అందామని ఎంతో కష్టపడ్డాను. "బజ్జీ" అని వచ్చింది. నా సంసారం గురించి ఇక వేరే చెప్పేదేముంది.

ఇంటికొచ్చాక కాలనీ అంతా చూడ్డానికి వచ్చింది. వచ్చినవాళ్లందరికీ మహిపాల్ ఒకటే చెప్పేవాడు. "మామ మూడుసార్లు పిలిసిండు కాబట్టి గాని, లేకుంటే నేను ఉరుకుతుంటి." నేను తల ఊపేవాణ్ణి. చూశారా, దెయ్యమూ లేదు, ఏమీ లేదు, పిలిచింది ఒక బీఎస్సీ... అన్నట్టు.

మాటలు నేర్పే ఆమని అనే అమ్మాయి ఒకరోజు అది విని నవ్వేసింది. "అంకుల్ పిలవడమేంటండీ? మొదటి నిమిషంలోనే మాట పోయింది. పిలుద్దామన్నా పేరు రాదు."



మహిపాల్ నా వైపు చూశాడు. నేను పక్కకు చూశాను.

ఎందుకంటే నాకు ముందే తెలుసు. అల్లుడు గేటు దాటి పోవడం నేను చూశాను. "అల్లుడు గారూ" అని అరవబోయాను. చొంగ తప్ప ఏమీ రాలేదు. పిలుపు నేనూ విన్నాను... మూడు సార్లూ విన్నాను.

నా భుజం వెనక నుంచి. గది లోపలి నుంచి.

"మరి నా పేరు ఆయనకెట్ల ఎరుక మామా?" అన్నాడు మహిపాల్ గొంతు తగ్గించి. "నేను ఈడికి రాకముందే వోయిండు గదా?"

నాలుగేళ్ల గురువారాలు ఆ బెంచీ మీద ఎవరి పితూరీలు చెప్పానో ఆ అబ్బాయికి ఎలా చెప్పను?

రాత్రుళ్లు నిద్ర పట్టనప్పుడు ఒకటే ఆలోచన. ఆ వానరాత్రి సందులో పోయినవాళ్లకూ అలాంటి నాయనమ్మలే ఉండి ఉంటారు. వాళ్లూ మూడోదాని కోసం ఆగి ఉంటారు. రామస్వామికి రెండు పిలుపులకే ఊపిరి సరిపోయిందేమో... ఆ మూడోది అప్పట్నుంచీ దాచుకున్నాడేమో.

మహిపాల్‌తో నేనిప్పుడు పేరుపెట్టే మాట్లాడుతున్నాను. ఎవరో నేర్పారు.

ఇక పంపకాల సంగతి. గొడుగు మహిపాల్‌కిచ్చాను. వానలో తిరిగేది ఆ అబ్బాయే. మంకీ క్యాప్ అనిరుధ్‌కిస్తే మొహం తిప్పుకున్నాడు, చలికాలం రాగానే అడిగి తీసుకెళ్లాడు. గౌతమికి నా ఫోనూ, నా భోజనమూ, నా మీద సర్వాధికారాలూ వెళ్లాయి. ఇల్లు సుబ్బులుది. ఎప్పుడూ సుబ్బులుదే.

ఆ గురువారాలు రామస్వామికి వెళ్లాయి. ఇప్పుడు వారం వారం సుబ్బులే స్వయంగా బాణలి పెట్టి మిరపకాయ బజ్జీలు వేస్తుంది. మహిపాల్ పొట్లం కట్టి బెంచీ మీద పెట్టి, వెనక్కి చూడకుండా వస్తాడు. కుక్కలు తింటాయని నేనంటాను. తెల్లారి చూస్తే ఖాళీ కాగితం నాలుగు మడతలు పెట్టి, పైన చిన్న రాయి ఉంటుంది.

ఇల్లంతా వాసన. వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. సుబ్బులు లెక్కపెట్టి వేస్తుంది, లెక్కపెట్టి తీస్తుంది.

నాకు ఒక్కటి కూడా లేదు.