బంగారు రంగు వేస్టు

"ఆ గోనెసంచి కింద పెట్టండి!"

నా అరుపుకి ఆమె సంచిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఎందుకండీ? పారేసేదేగా?"

"పారేసేది కాదండి. తూకానికి అమ్మేది."

"అయితే నాకే తూచి ఇవ్వండి. స్కూల్లో పిల్లలకి కాగితం పూలు నేర్పిస్తున్నాను. షాపులో ఈ సన్న పట్టీల ప్యాకెట్లు కొనాలంటే నా జీతం పూలకే సరిపోతుంది."

అలా మొదలైంది. తణుకులో జగన్నాథరావు గారి ప్రింటింగ్ ప్రెస్సులో కటింగ్ మిషను మీద పని నాది. పెళ్ళికార్డుల అంచులు కోయగా మిగిలిన ముక్కలన్నీ ఆ సంచిలోకే పోతాయి. తబిత టీచర్ గారు అందులో చెయ్యి పెట్టిన రోజు నుంచీ నా మనసు నా దగ్గర లేదు.

ప్రతి శనివారం స్కూలు వదిలాక వచ్చేది. ముక్కలు ఏరుకుంటూ, "ఇది రోజా అవుతుంది, ఇది ఆకు" అని తనలో తనే మాట్లాడుకునేది. ఆ మాటలు వినడానికి నేను మిషను ఆపేసేవాణ్ణి.

నవంబరులో ఒక శనివారం ఆమె ముఖం చిన్నబోయింది.

"క్రిస్మస్‌కి చర్చిలో పెద్ద స్టార్ నేనే కడతానని ఒప్పుకున్నానండి. మీ సంచిలో బంగారు రంగు ఒక్కటీ లేదు."

తర్వాతి శనివారం సంచి నిండా బంగారు పట్టీలే.

"ఇదంతా వేస్టేనా?"

"వేస్టేనండి. పెళ్ళిళ్ళ సీజను కదా," అన్నాను, ఆమె కళ్ళలోకి చూడకుండా.

ఇంకో రెండు శనివారాలు అలాగే తీసుకెళ్ళింది. ఆ తర్వాత రావడం మానేసింది.

ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మరుసటి శనివారం కిటికీలోంచి చూస్తే రోడ్డుకి అవతల, గణేష్‌బాబు జిరాక్స్ సెంటర్లో కనిపించింది. షాపు లోపల కూడా కూలింగ్ గ్లాసెస్ తియ్యడు ఆ గణేష్‌బాబు. ఏదో అన్నాడు, ఆమె నవ్వింది. కవరు నిండా బంగారు రంగు ముక్కలు ఇచ్చాడు, ఆమె మళ్ళీ నవ్వింది. నా దగ్గర ఏ శనివారమూ రెండుసార్లు నవ్వలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలో మిషను కత్తి దించేసరికి రెండు వందల కార్డుల్లో పెళ్ళికొడుకు ఇంటిపేరు సగం ఎగిరిపోయింది.

"నీకేమైందిరా ఆరోన్?" అని జగన్నాథరావు గారు నెత్తి కొట్టుకున్నారు.

ఏమైందో నాకు తెలుసు. సన్నగా వాన పడుతుంటే సంచి భుజాన వేసుకుని రోడ్డు దాటేశాను.

"తడిసిపోతున్నారు ఆరోన్ గారూ, లోపలికి రండి. టీ తాగుతారా?" అన్నాడు గణేష్‌బాబు. వాడు మర్యాదగా మాట్లాడేసరికి నాకు ఇంకా మండింది.

"నా ముక్కలు పనికిరాకుండా పోయాయాండీ?" అన్నాను తబితతో.

ఆమె నన్ను షాపు చూరు కిందకి తీసుకొచ్చింది. "వేస్టు ఎలా ఉంటుందో నాకు తెలియదనుకున్నారా? ఒక ముక్క మీద సగం అక్షరం ఉంటుంది, ఇంకోదాని మీద సిరా మరక ఉంటుంది. మీ బంగారు పట్టీల మీద చిన్న గీత కూడా లేదు. అన్నీ ఒకే వెడల్పు. అనుమానమొచ్చి జగన్నాథరావు గారిని అడిగాను. కొత్త షీట్లు కోసి, వాటి ఖరీదు జీతంలో పట్టుకోమన్నావట."

మన్ననలోంచి ఏకవచనంలోకి ఆమె ఎప్పుడు దిగిందో నేను గమనించే స్థితిలో లేను.

"నాతో ఒక మాట చెప్పొచ్చుగా?"

"చెబితే మానేస్తావా? వెండి రంగు మొదలుపెడతావు. వేస్టుతో పూలు చెయ్యాలనుకున్నది నేను. నీ జీతం కత్తిరించి కాదు. గణేష్‌బాబు గారు ఇచ్చేది బైండింగులో మిగిలిన అసలు వేస్టు. స్టార్ మొత్తం దాంతోనే కట్టేశాను."

"నావి ఒక్కటీ వాడలేదా?" నాకు ఏడుపొచ్చినంత పనైంది. వాడి ముక్కలు చర్చిలో వేలాడతాయి, నావి ఏ మూల పడి ఉన్నాయో!

"ట్రంకుపెట్టెలో దాచాను. పెళ్ళికూతురు చేతిలో పట్టుకునే పూలగుత్తి కడియం పూలతోటల నుంచి తెప్పిస్తే ఎంతవుతుందో తెలుసా? సాయంత్రానికి వాడిపోతుంది కూడా. అందుకే నీ పట్టీలతో నేనే బంగారు రోజాలు చుట్టుకుంటున్నాను."

"ఎవరికి పెళ్ళి?"

"నాకే."

నా చూపు తిన్నగా ఆ కూలింగ్ గ్లాసెస్ మీదకి పోయింది. "పెళ్ళికొడుకు ఎవరు?"

"కాగితాలు కోసే ఆయన. అన్నిటికీ అసూయపడతాడు గానీ అసలు మాట అడగడు." ఆమె చీర కొంగుతో ముఖం మీది తుంపర తుడుచుకుంది. "మా అమ్మ ఆ రోజాలు చూసి, ఇంత ఖరీదైన కాగితం ఎవరిచ్చారే అని అడిగింది. నీ పేరు చెప్పాను. ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి తీసుకురమ్మంది."

వాన పెద్దదైంది, ఇద్దరం చూరు కింద ఇంకాస్త దగ్గరగా జరిగాం.

"నన్ను చేసుకుంటావా తబితా?" అన్నాను చివరికి.

"ఆదివారం మా అమ్మ ముందు అడుగు. ఇంకో మాట, పెళ్ళికి గణేష్‌బాబు గారిని పిలవాలి."

"పిలుద్దాం," అన్నాను పళ్ళు కొరుకుతూ. "మన కార్డులు మాత్రం నేనే కోస్తాను. ఆ వేస్టులో ఒక్క ముక్క కూడా ఈ రోడ్డు దాటకూడదు."

తబిత నవ్వింది. నేను లెక్కపెట్టాను, రెండుసార్లు.